కొరియా యుద్ధం జూన్ 25న పుట్టలేదు

1950 జూన్ 25 తెల్లవారుజామున ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశం దాటి దక్షిణాదిలోకి చొరబడ్డాయి. దాడి చేసింది ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సంగ్, అనుమతి ఇచ్చింది స్టాలిన్, సరేనన్నది మావో. సోవియట్ పత్రాలు వెలుగు చూశాక దీనిపై వాదనకు చోటు లేదు. కానీ ఆ తేదీ దగ్గరే ఆగిపోతే, మూడేళ్లలో ఇరవై ముప్పై లక్షల మంది ఎందుకు చనిపోయారో అర్థం కాదు.

1945 ఆగస్టులో జపాన్ లొంగుబాటు ఖాయమైన రోజుల్లో, వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులు ఒక రాత్రి మ్యాప్ ముందు కూర్చుని, కొరియాను అమెరికా, సోవియట్ సేనల మధ్య విడదీసే గీతగా ఆ 38వ అక్షాంశాన్ని ఎంచుకున్నారు. సియోల్ అమెరికా వైపు ఉండాలన్నదే వాళ్ల లెక్క. మాస్కో ఒప్పుకుంది. 35 ఏళ్లు జపాన్ పాలనలో నలిగిన కొరియన్లను మాత్రం ఎవరూ అడగలేదు. యుద్ధంలో ఓడిన జపాన్ ముక్కలు కాలేదు, దాని కింద బానిసగా బతికిన దేశం రెండు ముక్కలైంది. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

తప్పంతా బయటివాళ్లదే అనడం కూడా నిజం కాదు. భూమి ఎవరిది, జపాన్‌కు ఊడిగం చేసినవాళ్లను ఏం చేయాలి అన్న తగాదా కొరియన్ల మధ్యే ఉంది. ఉత్తరాన 1946లో భూములు పంచారు, భూస్వాములు దక్షిణానికి పారిపోయారు. దక్షిణాన జపాన్ కొలువు చేసిన పోలీసులనే అమెరికా సైనిక పాలన కొనసాగించింది. 1948 ఏప్రిల్‌లో జెజు దీవి తిరగబడితే, అణచివేతలో 25 వేల నుంచి 30 వేల మంది ప్రాణాలు పోయాయని తర్వాత దక్షిణ కొరియా ప్రభుత్వ కమిటీయే అంచనా వేసింది. అంతర్యుద్ధం అప్పటికే మొదలైందని మా అభిప్రాయం.

ఆ ఏడాదే సియోల్‌లో సింగ్మన్ రీ, ప్యాంగ్యాంగ్‌లో కిమ్ ప్రభుత్వాలు పెట్టారు. దేశమంతా తనదేనని ఇద్దరూ చాటుకున్నారు. ఉత్తరాదిపై దండెత్తుతానని రీ పదేపదే అంటుంటే, భయపడిన అమెరికా ఆయనకు ట్యాంకులు ఇవ్వలేదు. విభజన వద్దంటూ ప్యాంగ్యాంగ్ దాకా వెళ్లి మాట్లాడివచ్చిన స్వాతంత్ర్యోద్యమ పెద్దాయన కిమ్ గూను 1949లో ఓ సైనికాధికారి కాల్చి చంపాడు. రాజీ మాట ఎత్తేవాళ్లకు ఇక చోటే లేకుండా పోయింది. అదే ఏడాది సోవియట్ అణుబాంబు పేలింది, చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు. దక్షిణాదిపై దాడికి అంతకుముందు కాదన్న స్టాలిన్ 1950లో తలూపాడు.

ఈ కథలో మన దేశానికీ పాత్ర ఉంది. 1948లో ఎన్నికల కోసం వెళ్లిన ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు అధ్యక్షుడు కె.పి.ఎస్. మీనన్. ఉత్తరాదిలోకి రానివ్వకపోవడంతో ఎన్నికలు దక్షిణాన మాత్రమే జరిగి, విభజనకు ముద్ర పడింది. యుద్ధం ఆగాక యుద్ధ ఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు నాయకత్వం వహించింది జనరల్ తిమ్మయ్య.

1953 జులై 27న కుదిరింది కాల్పుల విరమణే, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. విడిపోయిన బంధువులను చూడాలని దక్షిణాన పేర్లు రాయించుకున్న 1.30 లక్షల మందికి పైగా వృద్ధుల్లో ఎక్కువమంది ఇప్పటికే కన్నుమూశారు. చివరిసారి కలయికలు జరిగింది 2018లో. రెండు రాజధానుల్లోనూ మనకు రాయబార కార్యాలయాలున్నాయి. ఈ కలయికలను మళ్లీ మొదలుపెట్టాలని ఢిల్లీ రెండు ప్రభుత్వాలనూ బహిరంగంగా కోరాలి, అవసరమైతే మన గడ్డమీదే ఏర్పాట్లు చేస్తామని ముందుకు రావాలి.