శాలువా సరే, గోడేది?

సొంతంగా బొమ్మలు నేర్చుకున్నవాళ్లకు ఎక్కడ ప్రదర్శన పెట్టినా ఒక తంతు ఉంటుంది. ముందు జీవితకథ చెప్తారు. ఏ కాలేజీలోనూ చదవలేదు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఇన్ని కష్టాలు పడ్డారు అంటారు. మనం అయ్యో అనుకుని ఆ జాలితోనే బొమ్మ ముందు నిలబడతాం. ఇక బొమ్మ బాగుందా లేదా అని అడిగేదెవరు? చెక్ చిత్రకారిణి అన్నా జెమాన్‌కోవా విషయంలో ఈ తంతు మరీ ఎక్కువ. ఆవిడ కథ అలాంటిది మరి.

1908లో ఓలొమోత్స్ దగ్గర పుట్టారు. బొమ్మలంటే ఇష్టం. కానీ ఇంట్లో ఒప్పుకోకపోవడంతో డెంటల్ టెక్నీషియన్ పని నేర్చుకున్నారు. పెళ్లయ్యాక అదీ మానేసి పిల్లల్ని పెంచారు. మొదటి కొడుకు చిన్నతనంలోనే పోయాడు. మిగతా పిల్లలు ఎదిగాక ఆవిడకు మనసు బాగుండేది కాదు. ఎప్పుడో వయసులో వేసిన బొమ్మలు కొడుకుల కంటపడి, మళ్లీ వెయ్యమ్మా అన్నారు. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏడింటిదాకా గీసి, ఆ తర్వాత ఇంటిపని చూసుకునేవారు. షుగర్ వల్ల రెండు కాళ్లూ తీసేసినా ఆపలేదు. 1986లో ప్రాగ్‌లో కన్నుమూశారు.

కథ అయిపోయింది. ఇక బొమ్మలు చూద్దాం, నాకు ముఖ్యం అవే. అన్నీ పూలు, ఆకులు, కాయలే, కానీ ఏ తోటలోనూ కనిపించనివి. కొన్నిటిని చూస్తే మొక్కో, సముద్రంలో ప్రాణో తేల్చుకోలేం. పాస్టెల్ రంగు అద్ది, దాని మీద బాల్‌పెన్నుతో సన్నని గీతలు నింపేవారు. తర్వాత్తర్వాత కాగితాన్ని సూదితో గుచ్చి ఉబ్బెత్తుగా చేశారు, దారంతో కుట్టారు, క్రోషా అల్లికలు కలిపారు, శాటిన్ గుడ్డ కత్తిరించి పూలు చేశారు. ఒక పద్ధతి పట్టుకుని అది ఎంతదూరం పోతుందో చూసి, ఆపైన ఇంకోదానికి వెళ్లారు. ఆర్ట్ స్కూల్లో చేయించేదీ ఇదే కదా! ఎంబ్రాయిడరీ అనగానే ఆడవాళ్ల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లు ఆ కాగితాలను ఒకసారి దగ్గరగా చూడాలి.

ఈ విషయంలో మనమే నయమేమో. బాపు గారు చదివింది లా. అయినా గీత చూడగానే ఇది బాపు బొమ్మ అంటాం తప్ప, "ఆర్ట్ కాలేజీకి వెళ్లకపోయినా..." అని ఎవరూ మొదలుపెట్టరు.

అవార్డుల సంగతి ఇంకో రకం. చెక్ యువ కళాకారులకు పేరున్న అవార్డు ఖలుపెత్స్కీ అవార్డు. 1990లో దాన్ని మొదలుపెట్టిన ముగ్గురు నాటక రచయిత, అప్పటి దేశాధ్యక్షుడు వాత్స్‌లావ్ హావెల్, చిత్రకారుడు థియోడోర్ పిష్తెక్, కవి యిర్జీ కోలార్జ్. కోలార్జ్ నేర్చుకున్న వృత్తి వడ్రంగం. కవిత్వం, కొలాజ్ (కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మ) సొంతంగా అబ్బినవే. అలాంటి మనిషి చెయ్యేసిన అవార్డుకు చాలాకాలం వయోపరిమితి 35 ఏళ్లు ఉండేది! కుర్రవాళ్లకు ఊతం కావాలి, కాదనను. కానీ జెమాన్‌కోవా లాంటివాళ్లు కుంచె పట్టేసరికే ఆ గడువు దాటిపోతుంది.

అందుకే ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో 2013 నాటి పద్ధతి నాకు నచ్చింది. అందులో ఆవిడ బొమ్మలను ప్రత్యేకంగా ఓ మూల పెట్టకుండా, చదువుకున్న కళాకారుల పనితో పాటే పెట్టారు. 2017లో అదే బియెనాలేలో సొంతంగా నేర్చుకున్న ఇంకో చెక్ చిత్రకారుడు లుబోష్ ప్ల్నీ బొమ్మలు కనిపించాయి. ఆయన ప్రాగ్ ఆర్ట్ అకాడమీలో పనిచేసింది మోడల్‌గా. విద్యార్థులు ఆయన్ను బయటినుంచి గీస్తే, ఆయన తన ఒంటిని లోపలి అవయవాలతో సహా తనే గీసుకున్నారు.

ఇక విదేశాల్లోని మన తెలుగు సంఘాలకు వస్తే, ఉగాదికో దీపావళికో పెట్టే చిత్రలేఖనం పోటీ పిల్లలకే. పెద్దవాళ్లలో ఎవరైనా బాగా వేస్తారని తెలిస్తే శాలువా, జ్ఞాపిక, స్టేజీ మీద ఒక ఫోటో. బొమ్మ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. ఆనాటి చెకోస్లొవాకియాలో కళాకారుల సంఘం గుర్తింపు లేనివాళ్లకు అధికారిక గ్యాలరీ దొరకడం కష్టం. జెమాన్‌కోవా తన ఇంట్లోనే బొమ్మలు పెట్టి జనాన్ని పిలిచారు. మనకు ఆ ఇబ్బంది లేదు, ఎలాగూ హాలు బుక్ చేస్తున్నాం. భోజనాల గది పక్కన నాలుగు బోర్డులు, కాస్త మంచి లైటు పెట్టడానికి ఎంతవుతుంది? మనవళ్లను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలు, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్నవాళ్లు, రాత్రిళ్లు ఐప్యాడ్ మీద గీసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఎవరైనా తెచ్చి పెట్టొచ్చు. దరఖాస్తులో వయసు, చదువు అడగొద్దు. బాగాలేనివి పక్కన పెట్టే ధైర్యం మాత్రం కమిటీకి ఉండాలి, మొహమాటంతో అన్నీ పెడితే మళ్లీ జాలి దగ్గరికే వస్తాం. బొమ్మ కింద పేరు, వేసిన ఏడాది, దేంతో వేశారో రాస్తే చాలు. జీవితకథ కావాలనుకున్నవాళ్లు టీ తాగుతూ వాళ్లనే అడుగుతారు.