పాత పోర్ట్ సీసాకు లక్షలు వస్తాయా?

"మీ అల్మరాలో పాత పోర్ట్ వైన్ ఉందా? పారేయకండి. పోర్ట్ ఎంత పాతబడితే అంత ధర. ఒక్క సీసా వేలంలో 90 లక్షలు పలికింది." పోర్ట్ అనే పోర్చుగల్ తీపి వైన్ గురించి ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఇందులో ప్రతి ముక్కకూ ఓ మెలిక ఉంది.

మొదట ఆ 90 లక్షల సంగతి. అమ్మకం నిజమే. 2018 నవంబర్‌లో హాంకాంగ్ వేలంలో నీపోర్ట్ సంస్థ 1863 నాటి పోర్ట్ 9,92,000 హాంకాంగ్ డాలర్లు పలికింది. కానీ అది లాలిక్ అనే ఫ్రెంచ్ గాజు కంపెనీ ప్రత్యేకంగా చేసిన క్రిస్టల్ పాత్రలో పోసిన వైన్. అలాంటివి ప్రపంచం మొత్తం మీద ఐదే చేశారు. పైగా అది సీసాలో ముదిరిన వింటేజ్ పోర్ట్ కాదు, పీపాల్లో ముదిరిన టానీ రకం. ఆ ధరలో వైన్ ఎంత, గాజు ఎంత అని కొన్నవాణ్ణే అడగాలి. దాన్ని చూపించి మన అల్మరాలోని సీసాకు వెలకట్టడం కోహినూర్‌ని చూపించి ముక్కుపుడక బేరమాడటమే.

"ఎంత పాతబడితే అంత ధర" అన్నది ఇంకా పెద్ద తప్పు. పోర్చుగల్ ఉత్తరాన డౌరో లోయలో తయారయ్యే పోర్ట్‌లో చాలా భాగం రూబీ, టానీ రకాలే. విమానాశ్రయాల్లో మనవాళ్లు కొని తెచ్చేవీ ఎక్కువగా ఇవే. టానీ మీద '20 ఏళ్లు' అని ఉంటే ఆ ముదురుదనం పీపాలో వచ్చింది. సీసాలో పోశాక అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో మరో 20 ఏళ్లు దాచినా అది 40 ఏళ్ల టానీ అయిపోదు. దశాబ్దాల పాటు సీసాలోనే ఎదిగేది వింటేజ్ పోర్ట్. పంట బాగా వచ్చింది అనుకున్నప్పుడే పోర్ట్ సంస్థలు ఆ ఏడాదిని వింటేజ్‌గా ప్రకటిస్తాయి, పదేళ్లలో సుమారు మూడుసార్లు. కోత తర్వాత రెండు మూడేళ్లకే సీసాల్లో నింపేస్తారు.

పోనీ, వింటేజ్ అయితే వయసును బట్టే ధర ఉంటుందా? అదీ లేదు. 1931నే చూడండి. పంట అద్భుతం. కానీ ఆర్థిక మాంద్యం, పైగా 1927 సరుకే గోదాముల్లో పేరుకుపోయి ఉంది. అందుకే చాలా సంస్థలు ఆ ఏడాదిని ప్రకటించలేదు. ప్రకటించిన కొద్దిమందిలో కింటా దొ నోవాల్ ఒకటి. అంటు కట్టని తీగలున్న వాళ్ల చిన్న తోట నుంచి వచ్చే 'నాసియొనాల్' 1931 సీసా కోసం సేకర్తలు ఇవాళ్టికీ పోటీపడతారు. 1945, 1963 లాంటి సంవత్సరాలకు మంచి గిరాకీ. వాటికంటే పాతవైనా, పేరు రాని సంవత్సరాలకు అంత గిరాకీ ఉండదు. అసలు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పేరున్న వైన్లతో పోలిస్తే వింటేజ్ పోర్ట్ చవకే. పేరున్న సంస్థల 1977 పోర్ట్ సీసా, షాటో లఫీట్ అనే బోర్డో వైన్ కొత్త సీసా కంటే బాగా తక్కువకే దొరుకుతుంది.

ఒకే సంస్థ, ఒకే సంవత్సరం సీసాలు రెండున్నా ధర ఒకటే కానక్కర్లేదు. 1970ల దాకా చాలా వింటేజ్ పోర్ట్ పీపాల్లోనే ఇంగ్లండ్ వెళ్లేది, అక్కడి వ్యాపారులు సీసాల్లో నింపేవాళ్లు. అందుకే ఎవరు నింపారన్నది చూస్తారు. సీసా మెడలో వైన్ ఎక్కడి దాకా ఉంది, బిరడా మీద సంస్థ పేరు, సంవత్సరం ముద్ర ఉన్నాయా, ఇన్నేళ్లూ చల్లటి చీకటి గదిలో పడుకోబెట్టి ఉంచారా అన్నవీ చూస్తారు. మే నెల ఎండలకు ఉడికిన బీరువా వీటిలో దేనికీ సరిపోదు.

వార్తల్లో కనిపించే వేలం ధర అమ్మినవాడి జేబులోకే పోతుందనుకోవద్దు. అందులో సాధారణంగా కొన్నవాడి దగ్గర అదనంగా వసూలు చేసే ప్రీమియం కలిసి ఉంటుంది. అమ్మినవాడి వాటాలోంచి కమీషన్ వేరే కోస్తారు. ఇక తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా లైసెన్స్ లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ నేరం. ఆ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు.