పిల్లికి మాంసం పెట్టండి, పచ్చిగా మాత్రం వద్దు

ఈ మధ్య పిల్లుల్ని పెంచుకునేవాళ్లు ఎవరు కలిసినా ఒకటే మాట చెబుతున్నారు. "ప్యాకెట్ ఫుడ్ మానేశాం, ఇప్పుడు అంతా పచ్చి చికెనే. బొచ్చు ఎలా మెరుస్తోందో చూడండి" అని. చికెన్ సెంటర్ నుంచి అర కేజీ బోన్‌లెస్ తెచ్చి, ముక్కలు కోసి, కడిగి గిన్నెలో వేస్తున్నారు. ఎందుకిలా అని అడిగితే "అడవిలో పులికి ఎవరు వండి పెడుతున్నారు?" అని తిరిగి మనల్నే అడుగుతున్నారు. ఈ ప్రశ్న వినీ వినీ నాకు కోపం కన్నా భయం ఎక్కువైంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఎంతో ఒప్పుకోవాలి. పిల్లి మాంసాహారి. ఏదో ఇష్టం కొద్దీ తినడం కాదు, మాంసం లేకపోతే దాని శరీరం నడవదు. మనం క్యారెట్ తింటే ఒంట్లో విటమిన్ ఎ తయారవుతుంది, పిల్లికి అది చేతకాదు. ఎండలో పడుకున్నంత మాత్రాన విటమిన్ డి రాదు. టారిన్ అనే పదార్థాన్ని కూడా అవసరమైనంత సొంతంగా తయారుచేసుకోలేదు. ఇవన్నీ మాంసం నుంచి, కార్జం నుంచి, గుండెకాయ నుంచి రావాల్సిందే. కాబట్టి మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న పాలన్నం, పెరుగన్నం పిల్లికి సరిపోవు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. ఆ అలవాటు మానాలి అనే విషయంలో పచ్చి మాంసం వాళ్లకూ నాకూ తేడా లేదు.

ఇంకో విషయంలోనూ వాళ్ల మాట సబబే. పొద్దస్తమానం డ్రై ఫుడ్ గింజలే పెట్టడం మంచిది కాదు. ఎలుక శరీరంలో మూడింట రెండొంతులు నీరే ఉంటుంది, గింజల్లో ఉండేది పదో వంతు. పిల్లికి సహజంగానే దాహం తక్కువ. మగ పిల్లులకు మూత్రం బిగిసిపోయి, అర్ధరాత్రి క్లినిక్‌కి పరిగెత్తే ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. తడి ఆహారం కావాలనడం నూటికి నూరుపాళ్లు సరైన మాట.

అయితే తడి అంటే పచ్చి అని ఎవరు చెప్పారు? మాంసం కావాలంటే బోన్‌లెస్ ముక్కే అని ఎవరు చెప్పారు?

వీధి పిల్లి ఎలుకను పట్టుకుంటే తల నుంచి మొదలుపెట్టి దాదాపు మొత్తం తినేస్తుంది. ఎముకలు, గుండె, కార్జం, పేగులు, రక్తం అన్నీ లోపలికి పోతాయి. దాని శరీరానికి కావాల్సిన లెక్క అక్కడ కుదురుతుంది. మనం పెట్టే బోన్‌లెస్ ముక్కలో ఆ లెక్క ఎక్కడుంది? ఉత్త మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను ఇరవై రెట్లు ఎక్కువ. పిల్లికి ఆ రెండూ ఇంచుమించు సమానంగా కావాలి. తిండిలో కాల్షియం లేకపోతే శరీరం ఊరుకోదు, సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది. పెద్ద పిల్లి కొన్నాళ్లు తట్టుకుంటుందేమో గానీ, ఎదిగే కూన తట్టుకోలేదు.

మా వీధి చివరి ఇంట్లో ఒక కూనను చూశాను. చాలా గారాబంగా పెంచారు. బోన్‌లెస్ చికెన్ తప్ప మరొకటి ముట్టనివ్వలేదు, అదే గొప్ప తిండి అనుకున్నారు. ఒకరోజు సోఫా మీంచి దూకిందంతే, వెనక కాలు విరిగింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు కాగితంలా పల్చగా కనిపించాయి. డాక్టరు గారు మొట్టమొదట అడిగిన ప్రశ్న "ఏం పెడుతున్నారమ్మా?" అని. ఆ ఇంటావిడ ముఖం నేను మర్చిపోలేను. ప్రేమలో ఆవిడ ఏ లోటూ చేయలేదు. ఆవిడకు తప్పుడు మాట చెప్పిన వాళ్ల మీదే నా కోపం.

టారిన్ సంగతి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే పచ్చి మాంసానికి పెద్ద సాక్ష్యంగా చూపించే పాత ప్రయోగం ఒకటి దీనితోనే ముడిపడి ఉంది. ఫ్రాన్సిస్ పాటింజర్ అనే అమెరికా డాక్టరు 1932 నుంచి 1942 దాకా కాలిఫోర్నియాలో వందల పిల్లుల మీద పరిశీలన చేశాడు. పచ్చి మాంసం తిన్నవి బాగున్నాయి, ఉడికించింది తిన్నవి తరం తరానికీ క్షీణించాయి. "చూశారా, వండితే విషం" అని ఇప్పటికీ దాన్నే చెబుతారు. పిల్లికి టారిన్ తప్పనిసరి అనే సంగతి ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. టారిన్ లేకపోతే పిల్లి కంటి రెటీనా పాడవుతుందని తేలింది 1975లో. ఉడికించినప్పుడు టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు పారబోస్తే అదీ పోతుంది. అప్పటి పిల్లులు వంట వల్ల కాదు, వంటలో పోయినదాన్ని మళ్లీ కలపకపోవడం వల్ల పాడయ్యాయి అనుకోవడానికే ఎక్కువ ఆధారం ఉంది.

అక్కడితోనూ కథ అయిపోలేదు. 1980ల్లో మంచి పేరున్న ప్యాకెట్ ఆహారం తింటున్న పిల్లులు కూడా గుండె కండరం సాగిపోయి చనిపోయేవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియాన్, ఆయన సహచరులు దానికి కారణం టారిన్ లోపమేనని 1987లో బయటపెట్టారు. టారిన్ ఇస్తే జబ్బు పడిన గుండెలు తిరిగి కోలుకున్నాయి. ఆ తర్వాతే కంపెనీలు ఆహారంలో దాని మోతాదు పెంచాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ల్యాబులు, నిపుణులు, డబ్బు అన్నీ ఉన్న కంపెనీలకే లెక్క తప్పింది. అలాంటిది రెండు నిమిషాల వీడియో చూసి మన వంటింట్లో ఆ లెక్క కుదురుతుందని అంత ధీమా ఎలా వస్తుంది?

అదే డేవిస్ క్యాంపస్‌లోని మరికొందరు పరిశోధకులు 2019లో పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే ఇంటి వంట పద్ధతులు 114 తీసుకుని చూశారు. పోషకాల లెక్క వేయడానికి సరిపడా వివరాలున్నవి 94. ఆ 94లో పిల్లికి అవసరమైన పోషకాలన్నీ సిఫారసు చేసిన మోతాదులో ఉన్నది ఒక్కటి కూడా లేదు. పశువైద్యులు రాసినవి కూడా అందులో ఉన్నాయి.

"సరే, కార్జం కూడా కలుపుతాం" అంటారు కొందరు. కొద్దిగా కలపడం మంచిదే. కానీ చవక అని, పిల్లికి ఇష్టమని రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పిల్లి తల తిప్పలేదు, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోలేదు. ఇక చేపలు. కోస్తాలో నెత్తళ్లు, కవళ్లు పచ్చివే వేయడం మామూలు. ఆ జాతి చిన్న చేపల్లో చాలావాటిలో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. అవే రోజూ పచ్చిగా తింటే మెడ కిందికి వాలిపోతుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉడికించినా చేపే లోకంగా పెట్టకూడదు, అది వేరే సంగతి.

ఇప్పుడు మన చికెన్ షాపుల గురించి మాట్లాడుకుందాం. నేను షాపువాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లు అమ్మేది మనం వండుకుని తింటామని. ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో పొద్దున్నుంచి కోడి తర్వాత కోడి కొడతారు. మే నెలలో విజయవాడ ఎండలో ఆ మాంసం కవర్లో ఇంటికి చేరేసరికే వెచ్చబడి ఉంటుంది. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకు అనుకూలమైన వేడి దొరికితే ఇరవై నిమిషాలకే రెట్టింపవుతుంది. మన ఇంట్లో మసాలా వేసి కుతకుతా ఉడికించేది రుచి కోసమే కాదు కదా. మరి అదే ముక్క పచ్చిగా పిల్లికి ఎలా పెడతాం? "ఫ్రీజర్లో పెట్టి తీస్తున్నాం" అనేవాళ్లకు ఒక మాట. గడ్డకట్టిస్తే కొన్ని పరాన్నజీవులు చస్తాయి. బ్యాక్టీరియా, వైరస్ నిద్రపోయి లేస్తాయంతే.

పోనీ కంపెనీ తయారుచేసిన పచ్చి ఆహారం కొంటే? బ్రిటన్‌లో 2018-19లో గడప దాటని పిల్లులకు క్షయ సోకింది. వాటన్నిటినీ కలిపిన తీగ పట్టుకుని లాగితే, వెళ్లి ఆగింది దుకాణంలో కొన్న పచ్చి జింక మాంసం ఆహారం దగ్గర.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెడుతున్నది బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. చికెన్ ధర పడిపోయింది. మనం తినడం మానేసి, చవగ్గా వస్తోంది కదా అని కుక్కలకీ పిల్లులకీ తెచ్చి వేసినవాళ్లను నేను కళ్లారా చూశాను. మనకు భయం వేసిన మాంసం వాటికి ఎలా పనికొస్తుంది? బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ పిల్లులకు మనకన్నా ఘోరంగా అంటుకుంటుంది. జ్వరం, ఆయాసం, ఫిట్స్, చూపు పోవడం, కొద్ది రోజుల్లో ప్రాణమే పోవడం. 2023లో పోలండ్‌లో పదుల సంఖ్యలో పెంపుడు పిల్లులు దీనితోనే చచ్చిపోయాయి, అనుమానం పచ్చి చికెన్ మీదికే వెళ్లింది. అదే ఏడాది సియోల్‌లో పిల్లుల షెల్టర్లలో జబ్బు పాకినప్పుడు అవి తిన్న పచ్చి ఆహారంలోనే వైరస్ దొరికింది. 2024 డిసెంబరులో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక ఇంటి పిల్లి పోయాక, అది తిన్న పచ్చి ఆహారాన్ని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు సోకినట్టు 2025 మొదట్లోనే తేలింది.

అడవిలో పులికి ఎవరు వండి పెడుతున్నారు అని అడిగారు కదా. 2024 డిసెంబరులోనే నాగ్‌పూర్ గోరేవాడా రెస్క్యూ సెంటర్లో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో చనిపోయాయి. అవి తిన్న కోడి మాంసం నుంచే వచ్చి ఉంటుందని అధికారులు అనుమానించారు. పులి అడవిలో లేడిని తింటుంది. ఫారంలో వేల కోళ్లు ఒకదాని మీద ఒకటి పెరిగే చోటి నుంచి వచ్చిన మాంసం అడవి తిండి కాదు, దానికి పులి అరుగుదల కూడా జవాబు కాదు.

ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకో గొడవ. పిల్లి మలం ద్వారా సోకి కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయంతో "పిల్లిని ముందు బయటికి పంపించేయండి" అని పెద్దవాళ్లు పట్టుబడతారు. ఏళ్ల తరబడి ఇంట్లో పెరిగిన పిల్లిని గోతంలో పెట్టి ఊరి బయట వదిలేసి వస్తారు. నాకు ఇంతకన్నా బాధ కలిగించేది లేదు. ఎందుకంటే ఇల్లు దాటకుండా, వండిందో ప్యాకెట్టో తినే పిల్లికి ఆ పరాన్నజీవి సోకే అవకాశం చాలా తక్కువ. దానికి అది సోకే దారులు ముఖ్యంగా రెండు, వేటాడిన ఎలుకలు పిట్టలు ఒకటి, పచ్చి మాంసం రెండోది. మొదటి దారి మూసి పెంచుకుంటూ, రెండో దారి మనమే తెరిస్తే రేపు పిల్లిని వదిలేయమని అత్తగారు అన్నప్పుడు ఏ మొహం పెట్టుకుని అడ్డుపడతాం?

ప్యాకెట్ కొనలేనివాళ్లు ఉన్నారు, తెలుసు. నెల ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఎక్కువ భాగం ప్యాకెట్, దానికి తోడు కొద్దిగా వండిన మాంసం పెట్టినా పరవాలేదు, ప్యాకెట్ మీద ఆ వయసు పిల్లికి సంపూర్ణ ఆహారం అని రాసి ఉందో లేదో చూసుకోండి. వండేటప్పుడు ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు, అవి పిల్లి రక్త కణాల్ని పగలగొడతాయి. మనకోసం చేసిన కూరలోంచి ముక్క కడిగి పెట్టడం కూడా అందుకే తప్పు. బ్రెస్ట్ ముక్క కన్నా లెగ్ మాంసం, గుండెకాయల్లో టారిన్ ఎక్కువ. తక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లతో సహా పెట్టండి. ఉడికిన ఎముక పెట్టకండి, పుల్లల్లా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే టారిన్, కాల్షియం, విటమిన్ల మోతాదు మీ పిల్లి బరువు చూసి డాక్టరుతో రాయించుకోండి. గుడ్డు పెంకు పొడి కాల్షియానికి పనికొస్తుంది, ఎంత వేయాలో మాత్రం ఆయన్నే అడగండి.

ఇప్పటికే పచ్చి మాంసానికి అలవాటు పడిన పిల్లి వండింది చూసి మొహం తిప్పుకోవడం ఖాయం. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పంతానికి పోకండి. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. మొదట్లో మాంసం ఉడికించిన నీళ్లు కొంచెం వెచ్చగా, అది ఇదివరకు తిన్న రకం ప్యాకెట్ ఫుడ్ మీద పోయండి, వాసనకే దగ్గరికి వస్తుంది. తర్వాత ఉడికించి సన్నగా చిదిమిన ముక్కలు కలుపుతూ, కొన్ని వారాల మీద మార్చండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటి దాకా చూడకుండా క్లినిక్‌కి తీసుకెళ్లండి. ఇన్నాళ్లూ ఏం పెట్టారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.