నంబరు చూసి దాచిన నోటు

కడపలో మా చిన్నాయన ముప్పై ఏళ్లు బ్యాంకు క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. నేనేమో నంబరు బాగుందనిపించిన నోటునల్లా దాచుకుంటాను. మొన్న ఆదివారం వసారాలో మా ఇద్దరికీ జరిగిన వాదన ఇది.

చిన్నాయన: ఇరవై నోటు ఇరవైకే చెల్లుతుంది పాపా. కవర్లో పెట్టి దాస్తే ఇరవై ఒకటి కాదు.

నేను: కానక్కర్లేదు చిన్నాయనా. ఈ పది నోటు చూడండి. అక్షరాలకూ అంకెలకూ మధ్య చిన్న నక్షత్రముంది. ప్రెస్సులో పాడైన నోటుకు బదులుగా వచ్చిందన్నమాట. 2006 నుంచి ఇట్లా వేస్తున్నారు. చేతిలో నోటుకు ఇంత కథ ఉంటే చూడకుండా ఎట్లా ఇచ్చేయను?

చిన్నాయన: కథలు సరే, 786 సంగతి చెప్తా విను. రంజాన్ ముందు కొత్త నోట్లకొచ్చేవాళ్లు ఆ నంబరుంటే పక్కన పెట్టమనేవాళ్లు. భక్తితో అడిగారు, ఇచ్చాను. ఇప్పుడేమో ఆ నోటుకు లక్షలొస్తాయంటున్నారు. లెక్కేసి చూడు. అక్షరాల వరుస ఒక్కోదానికి పది లక్షల నోట్లు. అందులో చివర 786 వచ్చేవే వెయ్యి. అట్లాంటి వరుసలు ఎన్నెన్ని! ఇంక అరుదెక్కడిది? మన వీధి పిల్లోడు నోటు అమ్మిపెడతామన్నవాళ్లకు ముందు ఫీజు కట్టాడు, తర్వాత ట్యాక్స్ కట్టాడు. నోటూ అమ్ముడుపోలేదు, డబ్బూ రాలేదు. ఇట్లాంటివాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే చెప్పింది. ఆ పిల్లోడి టెన్షన్ నేను కళ్లారా చూశాను.

నేను: 786 లెక్క మీదే కరెక్టు. ఆ మోసం కూడా నిజమే, నా దగ్గర జవాబు లేదు. కానీ అదే పది లక్షల్లో 777777 లాగా ఒకే అంకె ఆరుసార్లు వచ్చేవి తొమ్మిదే. నేను వెతికేది అట్లాంటివి, అమ్మడానికి కాదు. రద్దయిన పాత ఐదొందలు, వెయ్యి నోట్లు పదికి మించి ఉంచుకోకూడదన్న 2017 చట్టం కూడా, అధ్యయనం కోసమైతే ఇరవై ఐదు దాకా ఉంచుకోనిచ్చింది.

చిన్నాయన: నోటు చేతులు మారాలి పాపా. అందరూ దాస్తే అంగట్లో చిల్లరెవరిస్తారు?

నేను: అందుకేనా పొద్దున నా పుస్తకంలో ఇరవై నోటు తీసి కూరగాయలకిచ్చారు?

చిన్నాయన: చిల్లర లేకుంటే తీశా. మళ్లీ ఇస్తాలే.

నేను: వేరే నోటు నాకెందుకు? అడిగి తీసుకోవచ్చు కదా!

చిన్నాయన: ఇరవై రూపాయలకు ఇంత రాద్ధాంతమా? మీ నాయన కూడా ఇంతే, ఏదీ పారేయనిచ్చేవాడు కాదు.

నేను: దాని నంబరు చూశారా?

చిన్నాయన: నంబరెవరు చూస్తారు? దొంగ నోటా, చిరిగిందా, ఇంతే చూసేది. ముప్పై ఏళ్లూ అంతే.

నేను: 210658.

చిన్నాయన: అయితే?

నేను: ఇరవై ఒకటి, ఆరు, యాభై ఎనిమిది. నాయన పుట్టినరోజు. ఆయన చనిపోయిన ఏడాది బస్సులో చిల్లరగా వచ్చింది.

చిన్నాయన: ...ఆ అరుదు లెక్కలు నేనొప్పుకోను. చెప్పులేసుకో. బండాయన ఈ టైముకు ఏడు రోడ్ల దగ్గరుంటాడు.