గోధుమగింజ, చెనక్కాయ

వ్యాసకర్త గారూ, మీ వ్యాసంలో క్రీస్తు సిలువ మరణమే అసలు సంగతి, పునరుత్థానం (ఆయన చనిపోయి తిరిగి లేవడం) ఓదార్పు కోసం తగిలించిన ముగింపు అన్నారు. ఒప్పుకోలేను. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసమే వ్యర్థమని అపొస్తలుడు పౌలు కొరింథులోని క్రైస్తవులకు తెగేసి రాశాడు (మొదటి పత్రిక 15:17). ఆయనే రాసిన రోమా పత్రిక 4:25లో అయితే క్రీస్తు మన అపరాధాల కోసం అప్పగించబడడం, మనం నీతిమంతులమని తీర్చబడడానికి లేపబడడం, రెండూ ఒకే వాక్యం.

గోధుమగింజ భూమిలో పడి చస్తేనే ఫలిస్తుందని యోహాను సువార్త 12:24లో యేసు మాట. మా చిత్తూరు పక్క పల్లెల్లో గోధుమ ఎవరు వేస్తారు? మా అవ్వకు అది విత్తనాల చెనక్కాయే (వేరుశనగ). వానలకు ముందు ఒలిచిపెట్టిన విత్తనాల మీద చెయ్యేస్తే ఒకటి తగిలించేది. (అయినా తిన్నాంలెండి.) బాప్తిస్మంలో మునగడమంటే క్రీస్తుతో పాటు పాతిపెట్టబడడమని రోమా 6లో విన్నప్పుడు, పాతిన విత్తనమే మొలుస్తుందని ఎరిగిన ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.