సవరణ: మామిడి మొక్కకు నాలుగడుగుల వల చాలదు

విశాఖపట్నం దగ్గర అడవివరం వైపు కొండవార తోటల్లో జింకల బెడదకు మొక్క చుట్టూ నాలుగడుగుల వల కడితే చాలని పోయిన నెల రాశాను. అది తప్పు. ఆ కొలత నమ్మి కట్టినవాళ్లు దయచేసి ఎత్తు పెంచండి.

చుక్కల జింక వెనక కాళ్ల మీద లేచి మరీ మేస్తుంది. మా బంగినపల్లి అంటు వల పైకి తల ఎత్తిందో లేదో, రాత్రికి రాత్రే చిగురంతా పోయింది. ఆరడుగులకు తగ్గకూడదు. తోట మొత్తానికి కంచె వేస్తే ఎనిమిదడుగులు. వల కాండానికి ఆనుకుని ఉంటే సందుల్లో మూతి పెట్టి లాగేస్తాయి, కాబట్టి కాండానికి రెండడుగుల ఎడంగా గట్టి కర్రలు పాతి బిగించండి.

ఇంకో తప్పు కూడా ఉంది. కొమ్మ కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగితే జింక పని అన్నాను. అలా కొరికేది కుందేలు. జింకకు పై దవడలో ముందుపళ్లు ఉండవు, పట్టి లాగుతుంది. మా మొక్క దగ్గర వంగి చూస్తే తెగినచోట పీచులు వేలాడుతున్నాయి. మొక్క అంటు కట్టిన చోటుకు కింద విరిగిపోతే మాత్రం ఆశ వదులుకోవాలి, ఆ తర్వాత వచ్చే చిగురు నాటు మామిడిదే.

కంచెకు కరెంటు తీగ మాత్రం పెట్టకండి. పక్కనే కంబాలకొండ అభయారణ్యం. జింకను చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, పైగా చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషి ప్రాణానికీ ముప్పే.