క్రోయాంతీ పొలంలో ట్యాంకులెక్కడివి?

"1939లో పోలండ్ సైనికులు గుర్రాలెక్కి, ఈటెలతో జర్మన్ ట్యాంకుల మీదికి దూకారు. అవి రేకు డబ్బాలనుకున్నారు పాపం!" అనే పోస్టు ఏటా సెప్టెంబరు రాగానే మళ్లీ తిరుగుతుంది. ఆ కథ పుట్టింది క్రోయాంతీ అనే పల్లెలో.

ముందు ఆ చోటు సంగతి. ఉత్తర పోలండ్‌లో హొయ్నిత్సె పట్టణానికి ఈశాన్యంగా సుమారు 7 కిలోమీటర్లు. అప్పట్లో జర్మన్ సరిహద్దు ఆ పట్టణం పక్కనే. జర్మనీకీ, దానికి విడిగా ఉన్న తూర్పు ప్రష్యా అనే జర్మన్ ప్రాంతానికీ నడుమనున్న పోలండ్ భూభాగమే పోలిష్ కారిడార్. దాన్ని అడ్డంగా కోసి తూర్పు ప్రష్యాను చేరడం జర్మన్ సేనాని గుడేరియన్ నడిపిన 19వ కోర్ అనే పెద్ద సైన్య విభాగానికి అప్పగించిన పని. హొయ్నిత్సె విడిచి బ్రదా నది వైపు తగ్గుతున్న పోలిష్ పదాతిదళానికి కాస్త వ్యవధి కావాలి. అశ్వికదళం దాడి అందుకే. ఈ సంగతి వదిలేస్తే ఆ దాడి పిచ్చితనంలాగే కనిపిస్తుంది.

ట్యాంకుల మీద దాడి అన్నది అబద్ధం. జర్మనీ పోలండ్ మీద దండెత్తిన తొలి రోజు, సెప్టెంబరు 1 సాయంత్రం, 18వ పొమేరేనియా ఉలాన్ (అశ్విక) రెజిమెంటు నుంచి సుమారు 250 మంది, అడవి దగ్గర ఆగివున్న జర్మన్ పదాతి బెటాలియన్ మీద కత్తులు దూసి పడ్డారు. ఆదమరిచి ఉన్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. అంతవరకు ఎత్తు పారింది. ఆ తర్వాత అడవి వైపు నుంచి ఉక్కు కవచమున్న జర్మన్ కార్లు వచ్చి మెషీన్‌గన్లతో కాల్చాయి. బయలు పొలంలో గుర్రానికి చాటెక్కడ? రెజిమెంటు కమాండర్ కల్నల్ మాస్తలెష్ అక్కడే చనిపోయాడు.

ఈటెల మాటా అంతే. 1934 నుంచి ఈటె యుద్ధపు ఆయుధం కాదు, శిక్షణకూ కవాతుకూ మిగిలింది.

మరి ట్యాంకులు ఎక్కడి నుంచి వచ్చాయి? మర్నాడు ఇటలీ విలేకరులను అక్కడికి తీసుకొచ్చారు. వాళ్లు చూసింది చచ్చిన గుర్రాలను, అప్పటికి చేరుకున్న జర్మన్ వాహనాలను. మిగతాది అల్లుకోవడం ఎంతసేపు? "ట్యాంకుల మీదికి దూకారని గుడేరియనే రాశాడు కదా" అంటారు. రాశాడు, నిజమే. పోలిష్ అశ్వికదళం ఒత్తిడికి ఒక జర్మన్ మోటారు డివిజన్ వెనక్కి తగ్గుతానని అడిగిందనీ ఆయనే రాశాడు. ఆ ముక్కను ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ట్యాంకంటే ఏమిటో తెలియదనడం మరీ అన్యాయం. అశ్వికదళం దగ్గర 37 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగులు, 7.92 మిల్లీమీటర్ల ట్యాంకు వ్యతిరేక తుపాకులు ఉండేవి. గుర్రం ప్రయాణానికే. పోరు చోటికి చేరాక దిగిపోతారు, కొందరు గుర్రాలను వెనక పట్టుకుంటారు, మిగతావాళ్లు నేల మీది నుంచి కాలుస్తారు. అదే రోజు దక్షిణాన మొక్రా పల్లె దగ్గర వొలీనియా అశ్వికదళ బ్రిగేడ్ ఇలాగే పోరాడి, జర్మన్ 4వ పాంజర్ (ట్యాంకు దళ) డివిజన్ ట్యాంకులను పదుల్లో దెబ్బతీసి, ఆ రోజంతా దాన్ని నిలువరించింది.